నీళ్లు దిగితే తేలే ఊరు: ఉత్తర తెలంగాణ ప్రాజెక్టుల్లోని మునిగిన ఊళ్లు, దిబ్బలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండకాలం వచ్చి శ్రీరాంసాగర్ (ఎస్సారెస్పీ), మిడ్ మానేరు, ఎల్లంపల్లి ప్రాజెక్టుల బ్యాక్‌వాటర్ (కట్ట వెనక నిలిచే నీళ్లు) వెనక్కి జరగగానే నీళ్ల నడుమ దిబ్బలు తేలుతాయి. ఒకదాని మీద గుడి, ఒకదాని మీద ఇండ్ల పునాదులు, ఇంకోదాని మీద ఎండిన చింతమొద్దులు. మనుషులు మాత్రం ఉండరు. అక్కడికి పోదామనుకునే వాళ్లు, అక్కడి నుంచి లేచిపోయిన వాళ్ల పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలకు జవాబులివి.

వీటిని దీవులు అనొచ్చా? సముద్రంలో ఆటుపోటు దీవుల లాంటివేనా?

పోలిక కొంతవరకే నిలుస్తుంది. ముంబైలో హాజీ అలీ దర్గాకు పోయే బాట పోటుకు మునిగి ఆటుకు తేలుతుంది. బతుకుదెరువుకు ముంబై, భివండీ పోయివచ్చిన మన సిరిసిల్ల, కరీంనగర్ వాళ్లలో చాలామంది చూసిందే. సముద్రంలో ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. ఏ రోజు ఎన్ని గంటలకు వస్తుందో ఏడాది ముందే పట్టిక అచ్చువేసి ఇస్తారు.

మన దగ్గర పోటు ఏడాదికి ఒక్కసారే. జులై, ఆగస్టుల్లో ఎక్కుతుంది, మే, జూన్ నాటికి దిగుతుంది. దీనికి పట్టిక లేదు. మహారాష్ట్రలో పడే వాన, కాలువకు వదిలే నీళ్లు, దిగువ నుంచి ఎత్తిపోసే మోటర్లు అన్నీ కలిసి దాన్ని నడుపుతాయి. సముద్రం దగ్గర గడియారం చూస్తారు, ఇక్కడ డ్యామ్ మట్టం చూడాలి. పోయిన ఏడాది ఇదే తేదీకి నడిచి పోయామన్న ధీమాతో బయల్దేరేవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు.

మాటకొస్తే, గోదావరి జిల్లాల వాళ్లు నదిలో మేట వేసిన దీవిని లంక అంటారు. ప్రాజెక్టులో తేలేది లంక కాదు, ఒకప్పటి గుట్టో, గడ్డో, ఊరి మిట్టో. అందుకే ఇక్కడ దిబ్బ అనే రాస్తున్నాం.

ఎక్కడెక్కడ చూడొచ్చు?

నిజామాబాద్ జిల్లా రెంజల్ మండలంలోని కందకుర్తి దగ్గర గోదావరి, మంజీర, హరిద్ర కలుస్తాయి. నది నడుమ ఉన్న పాత శివాలయం నీళ్లు ఎక్కినప్పుడు మునిగి, తగ్గాక నడిచి పోయేంత దగ్గరికి వస్తుంది. రాజన్న సిరిసిల్ల జిల్లా బోయినపల్లి మండలంలో వరదవెల్లి దత్తాత్రేయస్వామి గుడి గుట్ట మీద ఉంది. మిడ్ మానేరు నిండితే దాని చుట్టూ నీళ్లే, పడవ ఎక్కాల్సిందే. కింది ఊరు మునిగింది, గుట్ట మిగిలింది. పెద్దవాగు గోదావరిలో కలిసే చోట ఉన్న కోటిలింగాల (జగిత్యాల జిల్లా) శాతవాహనుల కాలపు ఊరు. అక్కడి పాటిగడ్డ (పాత ఊరి దిబ్బ) అంచుల దాకా ఎల్లంపల్లి నీళ్లు వస్తాయి.

వరంగల్ వైపు వాళ్లు లక్నవరం దీవుల గురించి అడుగుతారు. అవి వేరే. కాకతీయుల కాలపు చెరువులో నిలిచిన గుట్ట కొనలవి, వేలాడే వంతెన మీదుగా పోతారు. మునిగిన ఊరి జాడ కోసం అక్కడికి పోవద్దు.

ఏ నెలలో పోతే దారి తేలి ఉంటుంది?

నెల చెప్పి తప్పించుకోవడం సులువు, కాని తప్పు. మామూలుగా ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారం దాకా మట్టం అన్నిటికంటే కింద ఉంటుంది. అయితే మిడ్ మానేరుకు మూడు వైపుల నుంచి నీళ్లొస్తాయి: సొంత వాగులు (మానేరు, మూలవాగు), ఎస్సారెస్పీ వరద కాలువ, ఎల్లంపల్లి నుంచి ఎత్తిపోసే నీళ్లు. మోటర్లు నడిస్తే నడి ఎండకాలంలో కూడా మట్టం పెరుగుతుంది. వాన చుక్క లేకుండానే దారి మునిగిందని ఆశ్చర్యపడేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

ఎస్సారెస్పీకి ఎగువన మహారాష్ట్రలో గోదావరి మీద బాబ్లీ బ్యారేజీ ఉంది. 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం దాని గేట్లు జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా ఎత్తి ఉంచాలి. మార్చి 1న 0.6 టీఎంసీ (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) కిందికి వదలాలి. కందకుర్తి పోయేవాళ్లు ఈ మూడు తేదీలు రాసిపెట్టుకోవాలి. మార్చి మొదటి వారంలో నది కాస్త పొంగినట్టు కనిపిస్తే కారణం అదే.

మట్టం అంకెలు ఎట్లా చదవాలి?

నిండు మట్టాలు ఇవి: ఎస్సారెస్పీ 1091 అడుగులు, లోయర్ మానేరు 920 అడుగులు, మిడ్ మానేరు 318 మీటర్లు, ఎల్లంపల్లి 148 మీటర్లు. అన్నీ సముద్ర మట్టం నుంచి కొలిచినవే. కొన్ని అడుగుల్లో, కొన్ని మీటర్లలో ఇస్తారు కాబట్టి పొరపడొద్దు. మీటరుకు 3.28 అడుగులు.

టీఎంసీ అంకె చూసి లెక్క కట్టొద్దు, మట్టమే చూడాలి. ఎస్సారెస్పీ కట్టినప్పుడు 112 టీఎంసీలన్నారు. పూడిక పెరిగిన కొద్దీ సర్వేల్లో అది 90కి, తరువాత 80కి వచ్చింది. అంటే పదేళ్ల కింద 20 టీఎంసీలు ఉన్నప్పటి మట్టం, ఇప్పుడు 20 టీఎంసీలు ఉన్నప్పటి మట్టం ఒకటి కాదు. టీఎంసీకి పట్టిక మారుతుంది, దిబ్బ ఎత్తు మారదు.

మా దిబ్బకు దారి ఏ మట్టం దగ్గర తేలుతుందో ముందే తెలుసుకునేది ఎట్లా?

గట్టుకూ దిబ్బకూ మధ్య దారిలో అన్నిటికంటే పల్లంగా ఉండే చోటును ఇక్కడ మెడ అందాం. దాని ఎత్తు తెలిస్తే మొత్తం తెలిసినట్టే. సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లలో (మనది దాదాపు అంతా 56 నంబరు వరుస, ఏటూరునాగారం వైపు 65) ఎత్తు గీతలు 20 మీటర్లకు ఒకటి ఉంటాయి. ఊరు ఎక్కడుందో తెలుసుకోవడానికి అవి పనికొస్తాయి, మెడ ఎత్తుకు పనికిరావు. ఫోన్ మ్యాపుల్లో చూపించే ఎత్తులో కొన్ని మీటర్ల తేడా ఉండొచ్చు, దాన్ని అసలే నమ్మొద్దు.

పనికొచ్చే పద్ధతి ఒకటుంది. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితం. అయిదు రోజులకు ఒకటి చొప్పున వస్తాయి, 10 మీటర్ల వివరం ఉంటుంది. ఎండకాలంలో మబ్బుల బాధ తక్కువ. పోయిన రెండు మూడేళ్ల ఫిబ్రవరి–జూన్ చిత్రాలు వరుసగా తెరవండి. మెడ మీద నీళ్లు కనిపించిన చివరి తేదీ, పొడిగా కనిపించిన మొదటి తేదీ రాసుకోండి. నీటిపారుదల శాఖ రోజూ ఇచ్చే రిజర్వాయర్ మట్టాల్లో ఆ రెండు తేదీల అంకెలు వెతకండి. మెడ ఆ రెండు అంకెల మధ్య ఉంటుంది. రెండేళ్ల అంకెలు అర మీటరు లోపు కలిస్తే లెక్క కుదిరినట్టే. కలవకపోతే ఈ మధ్యే ఎవరో అక్కడ మట్టి తీసి ఉంటారు, లేదా పూడిక చేరి ఉంటుంది. ఇటుక బట్టీలకు, పొలాలకు ఒండ్రు తోలుకునే చోట మెడ ఏటేటా తెగుతుంది.

లెక్క వచ్చాక దానికి కనీసం ఒక మీటరు కింద మట్టం ఉన్నప్పుడే బయల్దేరాలి. ఆ మీటరు ఎందుకో కింది రెండు జవాబుల్లో తెలుస్తుంది.

నీళ్లు ఎంత వేగంగా ఎక్కుతాయి?

ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. 11,574 క్యూసెక్కుల (సెకనుకు అన్ని ఘనపుటడుగుల) ప్రవాహం ఒక రోజంతా వస్తే ఒక టీఎంసీ. నీళ్లు వంద చదరపు కిలోమీటర్లు పరుచుకున్న రిజర్వాయర్‌లో ఒక టీఎంసీ చేరితే మట్టం 28 సెంటీమీటర్లు లేస్తుంది. అదే చోటికి లక్ష క్యూసెక్కుల వరద వస్తే రోజుకు 8.64 టీఎంసీలు, అంటే దాదాపు రెండున్నర మీటర్లు, గంటకు 10 సెంటీమీటర్లు.

పది సెంటీమీటర్లు చిన్నగానే అనిపిస్తుంది. బ్యాక్‌వాటర్ నేల మాత్రం పళ్లెంలా పరుచుకుని ఉంటుంది. రెండు వందల అడుగులకు ఒక అడుగు వాలు ఉన్న చోట 10 సెంటీమీటర్ల పెరుగుదల అంటే నీటి అంచు 20 మీటర్లు ముందుకు వచ్చినట్టు. దిబ్బ మీద ఫొటోలు దిగుతూ రెండు గంటలు గడిపితే వెనక దారి మునిగిపోతుంది, ముందు నీళ్లు మాత్రం కదిలినట్టే కనిపించవు. చుట్టూ సమంగా పెరిగే నీళ్లను కన్ను పట్టుకోదు. పోగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, అర గంటకోసారి చూడాలి. పుల్ల నీళ్లలో పడితే తిరుగు ముఖం పట్టాలి.

కట్టకు దిగువన, వాగు గర్భంలో ఉన్న దిబ్బల లెక్క ఇది కాదు. అక్కడ గేట్లు ఎత్తితే నీళ్లు నిలువునా వస్తాయి. సైరన్ మోగితే సామాను వదిలేసి గట్టెక్కాలి.

పైన ఎండి నెర్రెలు ఇచ్చింది. నడవొచ్చా?

నెర్రె కనిపిస్తే గట్టిపడ్డట్టు కాదు. ఒండ్రు పైన జానెడు ఎండి, కింద మోకాలి లోతు రొంపి ఉంటుంది. నెర్రెలో చెయ్యి పెట్టి చూడండి. లోపల తడి తగిలితే ఆ పెచ్చు మీ బరువు మోయదు. రెండు వేళ్లు పట్టేంత వెడల్పయి, లోపల పొడిగా, అడుగు కనిపించనంత లోతున్న నెర్రెలుంటే నేల చాలావరకు గట్టి.

ఆరడుగుల బొంగు కర్ర వెంట ఉండాలి. ప్రతి అడుగుకూ ముందు ఒంటి బరువంతా వేసి గుచ్చాలి. జానెడు కంటే లోపలికి దిగితే ఆ వైపు పోవద్దు. బర్రెల గిట్టల గుంతలు లోతుగా ఉన్న చోటు తప్పించాలి. మేకల జాడ ఉందని నమ్మొద్దు, మేక బరువెంత, మన బరువెంత!

అన్నిటికంటే గట్టి దారి పాత ఊరి రోడ్డే. తారు రోడ్డయినా, కంకర బాటయినా కింద రాళ్ల పరుపు ఉంటుంది. పాత చిత్రంలో రోడ్డు ఎటు పోయేదో చూసుకుని దాని మీదే నడవాలి. ఒకే చోట జాగ్రత్త: కల్వర్టులు. నీళ్లు ఎక్కి దిగినప్పుడల్లా కల్వర్టు పక్క మట్టి కోసుకుపోతుంది. రోడ్డు పైకి బాగానే కనిపించి కింద డొల్లగా ఉంటుంది.

కూరుకుపోతే ఒక్క కాలిని బలంగా లాగొద్దు. లాగిన కొద్దీ పాదం కింద గాలి చొరబడక ఇంకా పట్టేస్తుంది, రెండో కాలు లోతుకు దిగుతుంది. వెనక్కి వాలి కూర్చోవాలి, వీలైతే పడుకోవాలి. బరువు పరుచుకుంటుంది. అప్పుడు కాలిని అటూ ఇటూ ఆడిస్తూ నీళ్లు, గాలి లోపలికి పోనిస్తూ నెమ్మదిగా తీయాలి. చెప్పు పోతే పోనియ్యండి.

వెంట ఏం ఉండాలి?

మనిషికి మూడు లీటర్ల నీళ్లు, టోపీ లేదా రుమాలు, బొంగు కర్ర, ఇరవై మీటర్ల తాడు, చార్జింగ్ నిండిన ఫోన్, ఈల. దిబ్బ మీద నీడ ఉండదు. తెల్లటి ఒండ్రు, నీళ్లు రెండూ ఎండను మొహం మీదికి కొడతాయి. వడదెబ్బ తగిలే చోటది. పొద్దున ఆరింటికి పోయి పదింటికి గట్టు చేరాలి.

పడవ మీద పోవచ్చా?

చేపలు పట్టేవాళ్ల తెప్ప ఇద్దరికి చేసింది. ఒకరు తోలాలి, ఒకరు వల వేయాలి. అయిదుగురు ఎక్కి ఫొటోకు లేచి నిలబడితే అది బోర్లా పడకుంటేనే వింత. లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కొద్దు, ఈత వచ్చినా సరే. అడుగున మునిగిన చెట్ల మొద్దులు, కరెంటు స్తంభాలు, పాత వలలు ఉంటాయి. కాలికి వల చుట్టుకుంటే ఈతగాడు కూడా చేసేదేం లేదు. మట్టం తగ్గుతున్న నెలల్లో, అంటే ఫిబ్రవరి, మార్చిల్లో ఈ మొద్దులు నీళ్ల పైకి రాకుండా పడవ అడుగుకు తగిలే లోతులో ఉంటాయి. పడవకు అన్నిటికంటే చెడ్డ కాలం అదే. నిండు నీళ్లలో పోవాలి, లేదా పూర్తిగా దిగాక నడవాలి.

మధ్యాహ్నం తరువాత గాలి లేస్తుంది. కిలోమీటర్ల కొద్దీ అడ్డం లేని నీళ్లు కాబట్టి అల అడుగు, రెండడుగులు ఎత్తు వస్తుంది. చేపలు పట్టేవాళ్లు పొద్దున్నే పోయి రావడం ఊరికే కాదు.

మట్టిదిబ్బే కనిపిస్తోంది. ఊరు ఎక్కడుందో ఎట్లా పోల్చాలి?

మొదట బొడ్రాయి కోసమో, ఊరి నడిబొడ్డు కోసమో వెతకొద్దు. చాలా ఊళ్లలో బొడ్రాయిని లేచిపోయేటప్పుడే తీసుకుపోతారు. ముందు పెద్ద రాళ్ల వరుస చూడండి. ఇంటి గోడలు పోయినా బేస్‌మట్టం రాళ్లు నేలమీద గీత గీసినట్టు ఉంటాయి. ఎదురెదురుగా రెండు వరుసలు, నడుమ పది పన్నెండు అడుగుల ఖాళీ ఉంటే అది గల్లీ. రోలు, తిరగలి రాళ్లు, గోలెం ముక్కలు పడి ఉన్న చోటు ఇంటి వెనక భాగం. బూడిద రంగు మట్టి, కుండ పెంకులు దట్టంగా ఉంటే పెంటకుప్పలు పోసిన ఊరి చివర. గచ్చు చదును విశాలంగా ఉంటే గడి (దొర బంగళా) కావచ్చు, బడి కావచ్చు, పంచాయతీ ఆఫీసు కావచ్చు. డంగు సున్నం గచ్చు అయితే గడి, సిమెంటుదైతే మిగతావి.

ఊరికి తూర్పునో, ఈశాన్యాన్నో పోచమ్మ గద్దె, వాగు ఒడ్డున వల్లకాడు, ఊరికి ఎడంగా మాలవాడ, మాదిగవాడ పునాదులు ఉంటాయి. ఊరు మునిగినా ఎవరిని ఎక్కడ ఉండనిచ్చారో పునాదుల మధ్య దూరం ఇప్పటికీ చెబుతుంది. కొత్త కాలనీ పటం పక్కన పెట్టి చూస్తే ఆ దూరం తగ్గిందో లేదో కూడా తెలుస్తుంది.

ఇండ్లు కూలాయి, గుడి నిలబడింది. దేవుడి మహిమేనా?

నమ్మకం మీది, కట్టుబడి సంగతి మాత్రం చెప్పగలం. మన ఊళ్లలో పాత ఇల్లంటే మట్టి గోడ, పైన గూనపెంక. మట్టి గోడ పొడిగా ఉన్నంత కాలం రాయే. నీళ్లలో నానితే మట్టి కణాల పట్టు వదిలి అడుగు నుంచి జారుతుంది. మొదటి వానకాలంలోనే చాలావరకు కూలుతుంది. పైగా పరిహారం తీసుకుని లేచేటప్పుడు దూలాలు, దర్వాజలు, పెంకలు విప్పుకుని పోతారు. పైకప్పు పోయిన మట్టి గోడ ఎట్లాగూ ఆగదు.

గుడిది పెద్ద రాళ్ల పేర్పు. బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. నీళ్లు రాయిని కరిగించవు. దానికి ప్రమాదం మునిగి ఉన్నప్పుడు కాదు, ఏటా ఎక్కి దిగుతున్నప్పుడు. దిగే నీళ్లు పునాది కింది మట్టిని లాక్కుపోతాయి, ఒక మూల కుంగుతుంది, దూలం రాయి పగులుతుంది. వంగిన మండపం కిందికి పోవద్దని చెప్పేది అందుకే. సిమెంటు స్లాబు ఇండ్లలో ఇనుప చువ్వ తుప్పు పట్టి ఉబ్బి పెచ్చులు రాలుతాయి. తల మీద పడేవి అవే.

బావులు ఏమవుతాయి?

దిబ్బ మీద ప్రాణం తీసేవి ఇవే. ఇంటి చేదబావికి గట్టు ఉంటుంది కాబట్టి కనిపిస్తుంది. పొలంలో మోటబావికి గట్టు ఉండదు. ఇరవై ముప్పై అడుగుల వెడల్పు గొయ్యి ఒండ్రుతో నిండి, పైన చదునుగా ఎండి, చుట్టూ నేలలాగే ఉంటుంది. లోపల మాత్రం గంజి. గుండ్రంగానో, చతురస్రంగానో ఒక చోట నెర్రెలు వేరే తీరుగా ఉన్నా, నేల కొంచెం కుంగినట్టున్నా, చుట్టూ ఎండినా అక్కడే పచ్చగడ్డి మొలిచినా అది పూడిన బావి అనుకుని పక్కకు జరగాలి. పాత గ్రామ నక్షలో (రెవెన్యూ పటంలో) బావుల గుర్తులు ఉంటాయి, ముందే చూసుకోవాలి.

చెట్లెందుకు ఎండిపోయి నిలబడ్డాయి?

వేరుకు గాలి కావాలి. నెలల తరబడి నీళ్లలో ఉంటే వేప, మామిడి, చింత ఒకటి రెండేళ్లలో చస్తాయి. చింత కట్టె గట్టిది కాబట్టి చచ్చినా ఏండ్ల తరబడి నిలబడుతుంది. నల్లతుమ్మ మాత్రం మునకను ఓర్చుకుంటుంది. ఎండకాలంలో పచ్చగా కనిపించేది చాలావరకు అదే.

ఊరి జనం ఎక్కడికి పోయారు?

ఎక్కువ మంది పునరావాస కాలనీలకు. మిడ్ మానేరు 2019లో నిండింది. కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి లాంటి ఊళ్లు అవే పేర్లతో కొత్త చోట ఉన్నాయి. ఎస్సారెస్పీకి నెహ్రూ 1963 జులై 26న పునాదిరాయి వేశారు. అక్కడ లేచిపోయిన వాళ్లది ఇప్పుడు మూడో తరం. చాలామంది చుట్టాల ఊళ్లలో కలిసిపోయారు. పాత ఊరి పేరు ఇంటి పేరు పక్కన మిగిలిన కుటుంబాలున్నాయి.

కాలనీలో ఊరు ఊరయ్యేది బొడ్రాయి నిలిపిన రోజే. ఆ పండగకు పెండ్లయిపోయిన ఆడబిడ్డలందరినీ పిలుస్తారు, ప్రతిష్ఠ పూర్తయ్యేదాకా పొలిమేర కట్టడి చేస్తారు. ఇంటి పట్టాలు ఎప్పుడో వచ్చినా, బొడ్రాయి లేనిదే పెండ్లి పందిరి వేయమని పట్టుబట్టే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు.

ఏ పండక్కి పాత ఊరికి వస్తారు?

ఇక్కడే నీళ్లకూ పంచాంగానికీ పొత్తు కుదరదు. చచ్చిపోయిన పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస భాద్రపద అమావాస్య, సెప్టెంబరు–అక్టోబరుల్లో వస్తుంది. ప్రాజెక్టు నిండుకుండలా ఉండే రోజులవి. తాత సమాధి ఇరవై అడుగుల నీళ్ల కింద ఉంటుంది. గట్టు మీద నిలబడి నీళ్లలోకే పూలు వదలడం తప్ప దారి లేదు. బోనాలప్పుడు నీళ్లు ఎక్కుతుంటాయి. ఉగాది, శ్రీరామనవమి నాటికి గుడి శిఖరం తేలినా చుట్టూ రొంపే.

పీర్ల పండగ సంగతి వేరు. హిజ్రీ ఏడాది ప్రకారం నడుస్తుంది కాబట్టి ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో జులై 6న వచ్చింది. 2029, 2030 నాటికి మే నెలలో పడుతుంది, అంటే సరిగ్గా దారి తేలే రోజుల్లో. పాత పీర్లకొట్టం పునాది దగ్గర గుండం తవ్వాలనుకునే ఊళ్లకు ఆ నాలుగైదేండ్లే అదను.

రెవెన్యూ రికార్డుల్లో 'బేచిరాగ్' అని రాసి ఉంది. అంటే?

దీపం లేనిది అని. ఉర్దూలో చిరాగ్ అంటే దీపం. జనం లేని ఊరిని నిజాం కాలం రికార్డుల్లో అట్లా రాశారు, మనవాళ్లు బేచిరాక్ అని పలుకుతారు. ఊరు లేకపోయినా రెవెన్యూ గ్రామం ఉంటుంది: సర్వే నంబర్లు, హద్దులు, నక్ష అన్నీ ఉంటాయి. జనాభా లెక్కల్లో కూడా ఆ పేరు జనం లేని గ్రామంగా కొనసాగుతుంది. అయితే బేచిరాగ్ అన్నవన్నీ మునిగినవి కావు. గత్తర (కలరా) వచ్చో, నీళ్లు లేకో వందేండ్ల కిందే ఖాళీ అయినవి ఎక్కువ.

మా తాతల ఇల్లు, భూమి కాగితాలు ఎక్కడ వెతకాలి?

భూమికి మొదట 1954–55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగు చేశారో రాసిన రికార్డు), దాని వెనక సేత్వార్ (మొదటి సర్వే నాటి భూమి రిజిస్టరు). పటానికి గ్రామ నక్ష, ఒక్కో సర్వే నంబరుకు టిప్పన్ (కొలతల చిత్తు పటం). మునిగిన భూమికి వీటితో పాటు సేకరణ అవార్డు (పరిహారం ఎంతో తేల్చిన ఉత్తర్వు) కాపీ తప్పనిసరి. అందులో పేరు, విస్తీర్ణం, బావి, చెట్లు, ఇల్లు విడివిడిగా విలువ కట్టి ఉంటాయి. ఒక కుటుంబం ఊళ్లో ఎట్లా బతికిందో దీనికంటే బాగా చెప్పే కాగితం లేదు: మామిడి చెట్లు రెండు, కొట్టం ఒకటి, చేదబావి ఒకటి అని రాసి ఉంటుంది. తహసీల్దారు ఆఫీసులో దొరక్కపోతే ఆ ప్రాజెక్టు భూసేకరణ అధికారికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. గ్రామం పేరు, సర్వే నంబరు, నోటిఫికేషన్ ఏడాది రాయాలి. 'మా ఊరి వివరాలన్నీ ఇవ్వండి' అని రాస్తే ఏమీ రాదు. జవాబుకు గడువు 30 రోజులు.

ఏ చట్టం కింద పరిహారం ఇచ్చారో ఎందుకు ముఖ్యం?

పాత సేకరణలన్నీ 1894 భూసేకరణ చట్టం కింద జరిగాయి. సొలేషియం (భూమి విలువ మీద అదనంగా కట్టిచ్చే సొమ్ము) 1984 సవరణ నుంచి 30 శాతం, అంతకుముందు 15 శాతమే, పునరావాసం చట్టంలోనే లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఏప్రిల్‌లో వచ్చిన 68వ నంబరు జీవో పునరావాసానికి ఒక విధానం పెట్టింది. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 చట్టంలో సొలేషియం 100 శాతం. పెండ్లితో పని లేకుండా వయసొచ్చిన కొడుకైనా బిడ్డైనా వేరే కుటుంబం కింద లెక్క. ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా ఇరవై ఏండ్లు నెలకు 2 వేలకు తగ్గకుండా, ఈ మూడింటిలో ఒకటి. పైగా సామాను తరలింపుకు 50 వేలు, పునరావాస భత్యం 50 వేలు.

జనం ఎక్కువగా పోగొట్టుకునేది గడువుల దగ్గర. అవార్డు ఇచ్చేటప్పుడు మీరు అక్కడే ఉంటే ఆరు వారాల్లో అభ్యంతరం రాసి ఇవ్వాలి. పక్క రైతు కోర్టుకు పోయి ఎక్కువ పరిహారం తెచ్చుకుంటే, అదే నోటిఫికేషన్‌లో ఉన్న మీరు ఆ తీర్పు వచ్చిన మూడు నెలల్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. 1894 చట్టంలో ఇది 28ఏ సెక్షన్, కొత్త చట్టంలో 73. ఆ మూడు నెలల సంగతి తెలియక ఊరుకున్నవాళ్లు ఊరికి పదిమంది దొరుకుతారు.

నీళ్లు తగ్గాక పాత పొలంలో సాగు చేసుకోవచ్చా?

భూమి ఇప్పుడు ప్రాజెక్టుది. నీళ్లు దిగిన కొద్దీ వెనకే పోతూ జొన్న, శనగ, పెసర, పుచ్చకాయ వేసేవాళ్లున్నారు. ఒండ్రు బలానికి పంట బాగా వస్తుంది. కాని పంట చేతికి రాకముందే నీళ్లు ఎక్కితే నష్టపరిహారం అడగడానికి వీలుండదు, రైతు పథకాలకు ఆ భూమి లెక్కలోకి రాదు. మందులు కొట్టొద్దు. ఆ నీళ్లే కింద ఊళ్లకు తాగునీళ్లు.

పాత నాణెం, విగ్రహం దొరికితే?

కదిలించకుండా చోటు ఫొటో తీసి, తహసీల్దారుకు గాని పోలీసులకు గాని చెప్పాలి. 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయల కంటే విలువైన దొరికిన నిధిని కలెక్టరుకు తెలపాలి. తెలపకుంటే నేరం. కోటిలింగాలలో దొరికిన గోభద, సామగోప, సిముక నాణేలే శాతవాహనుల మొదళ్ల చర్చను తెలంగాణ వైపు తిప్పాయి. ఏ పొరలో దొరికిందో తెలియకపోతే నాణెం వట్టి రాగి ముక్క. గుప్తనిధుల పేరుతో గుడి అడుగు తవ్వేవాళ్లు కనిపిస్తే 112కు ఫోన్ చేయండి.

పాములు, మొసళ్లు, పిట్టలు?

నీళ్లు ఎక్కేటప్పుడు పాములన్నీ దిబ్బ నెత్తికి చేరుతాయి. రాళ్లను చేత్తో ఎత్తొద్దు, కింద తేళ్లు కూడా ఉంటాయి. గోదావరిలో మంచిర్యాల జిల్లా శివ్వారం వైపు మొసళ్ల అభయారణ్యమే ఉంది. ఆ చుట్టుపక్కల నీళ్లలో దిగొద్దు. మార్చి నుంచి మే దాకా నీటి అంచు పిట్టలు వట్టి నేల మీదే గుడ్లు పెడతాయి, గుడ్డు గులకరాయిలా ఉంటుంది. పిట్ట అరుస్తూ తల మీద తిరిగితే గూటి దగ్గర ఉన్నట్టే, వచ్చిన దారినే వెనక్కి తిరగండి. కుక్కను తీసుకుపోవద్దు.

రాత్రి ఉండొచ్చా?

వద్దు.

దారి మునిగి చిక్కుకుపోతే?

నీళ్లలో దిగొద్దు. మోకాలి లోతే కదా అని దిగినవాళ్లకు కింద బావి ఉందో, కల్వర్టు గండి ఉందో కనిపించదు. దిబ్బ నెత్తికి పోయి 112కు ఫోన్ చేయండి. 'మిడ్ మానేరులో ఉన్నాం' అంటే చాలదు. పాత ఊరి పేరు, దగ్గరి గట్టు ఊరి పేరు, ఫోన్‌లో కనిపించే అక్షాంశ రేఖాంశాలు చెప్పాలి. తరువాత గట్టు ఊళ్లో తెలిసినవాళ్లకు చెప్పండి. చేపలు పట్టేవాళ్ల పడవ అందరికంటే ముందు చేరుతుంది. ఉరుములు మొదలైతే చెట్టు మొద్దు కింద, గుడి శిఖరం పక్కన నిలబడొద్దు. పల్లంగా, కాళ్లు దగ్గర పెట్టుకుని కూర్చోవాలి. గుంపుగా కాక ఎడంగా ఉండాలి.

మా ఊరి పటం మేమే తయారు చేసుకోవచ్చా?

చేసుకోవాలి, అదీ త్వరగా. ముందు కాలనీలో అరవై దాటిన నలుగురిని కూర్చోబెట్టి పెద్ద కాగితం మీద గీయించండి. ఒక్కరితో గీయిస్తే వాళ్ల వాడే పెద్దగా వస్తుంది. వాడకొకరు, అందులో ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి. నీళ్లకు పోయిన దారులు, బట్టలుతికిన రాళ్లు, మంత్రసాని ఇల్లు మగవాళ్లకు గుర్తుండవు. తరువాత దిబ్బ తేలినప్పుడు ఫోన్ జీపీఎస్‌తో మూలల గుర్తులు పట్టండి. మూడు నుంచి అయిదు మీటర్ల తేడా ఉంటుంది కాబట్టి ఇంటింటికీ పట్టొద్దు. గుడి, బడి, పెద్దబావి, రోడ్డు మలుపు చాలు. మిగతా ఇండ్లను అడుగుల్లో కొలిచి వాటికి కలపాలి. ఎస్సారెస్పీ, లోయర్ మానేరు లాంటి పాత ముంపు ఊళ్లకు పునాదులు పూడిక కిందికి పోయి ఉంటే, గ్రామ నక్షను ఉపగ్రహ చిత్రం మీద పరిచి చూడాలి. పటం మీద ఇంటి యజమాని పేరుతో పాటు ఆ ఇంటిని ఊరివాళ్లు పిలిచిన పేరు కూడా రాయండి. 'ఎర్రదర్వాజ ఇల్లు', 'కొత్తబాయి కాడి ఇల్లు' లాంటి పేర్లు ఏ పహాణీలోనూ దొరకవు.